తెలుగు వీరగాథల మౌఖిక సంప్రదాయం

తెలుగు వీరగాథ పాటా వచనమూ కలగలిసిన దీర్ఘ కథాగానం. ఒక ప్రాంతంలో నిజంగా జరిగిన పోరును, అందులో ఒరిగిన వీరులను తలుచుకుంటూ వృత్తిగాయకులు దీన్ని రాత్రుల తరబడి చెబుతారు. పల్నాటి వీరుల కథ, కాటమరాజు కథ, బొబ్బిలి కథ వీటిలో పెద్దవి. మొదటిదానికి మూలం 12వ శతాబ్ది చివర గురజాల, మాచర్ల పక్షాల మధ్య సాగిన దాయాదుల యుద్ధం. రెండోదానికి మూలం 13వ శతాబ్దిలో పశువుల మేత దగ్గర, పుల్లరి (మేతపన్ను) దగ్గర పుట్టిన తగాదా. మూడోది 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం రాజు కలిసి బొబ్బిలి కోటమీద చేసిన దాడిని చెబుతుంది. సర్వాయి పాపడు, పండుగ సాయన్న వంటి తిరుగుబాటుదారుల పాటలూ ఈ కోవలోవే గాని నిడివి తక్కువ.

వెల్చేరు నారాయణరావు ఆరు తెలుగు జానపద ఇతిహాసాలను పోల్చి 1986లో అచ్చయిన వ్యాసంలో ఒక తేడా చూపారు. భూమిని నమ్ముకున్న కులాల కథల్లో మగవాడు కత్తిపట్టి పోరాడి చస్తాడు. వర్తకం మీద బతికే కులాల కథల్లో స్త్రీ ఆత్మార్పణ చేసి శత్రువును ఓడిస్తుంది. కోమట్ల కన్యకమ్మ కథ ఈ రెండో రకం. ఇక్కడ ప్రస్తావించేవి ప్రధానంగా మొదటి రకం కథలు.

ఇవి వందల ఏళ్లు నిలవడానికి గాయకుల ధారణే కారణమని సాధారణంగా చెబుతారు. ధారణ అవసరమే గాని, దానికి దన్నుగా నిలిచినవి వీరపూజ, దానివల్ల సంక్రమించే హక్కులు. ఈ కులానికి ఈ గాయకుడే చెప్పాలి, ఈ తిథినాడే చెప్పాలి, చెప్పినందుకు ఇంత ముట్టాలి అన్న కట్టుబాటు ఉన్నచోట కథ బతికింది. అది లేనిచోట పెద్ద పెద్ద యుద్ధాలు కూడా చాలావరకు శాసనాల్లో రెండు మూడు పంక్తులతో సరిపెట్టుకున్నాయి.

కారెంపూడి వీరారాధన

పల్నాటి కథలో హైహయ వంశీకుడు అలుగురాజు వెలనాటి గొంకరాజు కూతురు మైలమను పెళ్లాడి పల్నాటిని అరణంగా పొందుతాడు. అతని తరవాత మైలమ కొడుకు నలగామరాజు గురజాలలో, సవతి తమ్ముడు మలిదేవరాజు మాచర్లలో ఏలుబడికి వస్తారు. నలగాముడికి నాయకురాలు నాగమ్మ, మలిదేవుడికి బ్రహ్మనాయుడు మంత్రులు. కోడిపందెంలో ఓడి మలిదేవుడి పక్షం ఏడేళ్లు రాజ్యం విడిచిపోతుంది. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి వారి తరఫున వెళ్లిన అలరాజు విషానికి బలవుతాడు. చివరికి నాగులేటి ఒడ్డున కారెంపూడిలో యుద్ధం జరిగి ఇరువైపులా వీరులు మడుస్తారు. భారతం పోలిక ఎవరికైనా కనిపించేదే. అయితే బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి పెట్టించిన చాపకూడు, అతడు కొడుకుగా స్వీకరించిన మాల కన్నమదాసు సేనను నడపడం భారతంలో వెతికినా దొరకవు. ఈ కథను పాడే వీరవిద్యావంతులు మాలలు. వారి నోట కన్నమదాసు అంత ఎత్తున నిలబడడంలో వింతేమీ లేదు.

ఏటా కార్తిక అమావాస్య మొదలు అయిదు రోజులు కారెంపూడిలో వీరారాధన ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అనే రోజుల పేర్లలోనే కథ ఉంది. పీఠం పిడుగు వంశంవారిది. అరవై ఆరుగురు వీరుల పేర ఆయుధాలను తరతరాలుగా ఇంట పూజించే కుటుంబాలవారిని ఆచారవంతులు అంటారు. వీరు పల్నాటి నుంచే గాక తెలంగాణ జిల్లాల నుంచి కూడా ఆ ఆయుధాలు మోసుకొస్తారు. వాటిని నాగులేటిలో కడిగి వీరుల గుడికి చేరుస్తారు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. కోడిపోరు నాడు బ్రహ్మనాయుడి పక్షాన ఒక పుంజును, నాగమ్మ పక్షాన ఒక పుంజును దించి నాటి పందేన్ని మళ్లీ జరిపిస్తారు. కళ్లిపాడు వీరులు ఒరిగిన రోజు. ఏనాటి ఘట్టాన్ని ఆనాడు విద్యావంతులు పాడతారు.

ఈ ఏర్పాటులోనే కథకు కాపలా కూడా ఉంది. ఆచారవంతుడు పాట వినడానికి ఊరికే కూర్చోడు. తన ఇంట పూజలందుకునే కత్తి ఏ వీరుడిదో, ఆ వీరుడు ఎవరిని కొట్టి ఎవరి చేతిలో పడ్డాడో పాటలో వినబడాలి. పేరు జారిందంటే అడగగల మనిషి గాయకుడికి ఎదురుగానే ఉంటాడు. గాయకుడు వర్ణన పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. వీరుడిని మాత్రం వదిలెయ్యలేడు. వీరుడి అకాల మరణం, అతన్ని శాంతింపజెయ్యడానికి పూజ, పూజలో పాట, ఆ పాట పెరిగి ఇతిహాసం కావడం అనే క్రమాన్ని స్టూవర్ట్ బ్లాక్‌బర్న్ భారతీయ మౌఖిక ఇతిహాసాల్లో గుర్తించాడు. కారెంపూడిలో ఆ క్రమం అంతా ఒక్కచోటే కనిపిస్తుంది.

పాడే తీరు

ప్రధాన గాయకుడు కత్తి పట్టుకుని నిలబడి కథ నడుపుతాడు. పక్కన ఒకరు పంబ వాయిస్తారు, ఒకరు తిత్తి పట్టి శ్రుతి నిలుపుతారు, తాళం వేసేవారు వంత అందుకుంటారు. కథ వచనంలో ముందుకు సాగుతుంది, ఉద్వేగం ముదిరినచోట పాటలోకి ఎక్కుతుంది. వంతవారు చివరి మాటను అందుకుని సాగదీస్తారు. వినేవారికి అది సొంపు. గాయకుడికి ఊపిరి పీల్చుకోవడానికీ, తరవాతి చరణం మనసులో కూర్చుకోవడానికీ దొరికే వ్యవధి అదే.

వేల చరణాలను ఎవరూ పుస్తకంలా వల్లె వెయ్యరు. మిల్మన్ పారీ, ఆల్బర్ట్ లార్డ్ 1930లలో యుగోస్లావియా గాయకులను పరిశీలించి తేల్చిన సంగతి తెలుగు గాయకులకూ చాలావరకు సరిపోతుంది. గాయకుడి దగ్గర కథ నడక, ఘట్టాల వరస, వీరుల పేర్లు స్థిరంగా ఉంటాయి. వీరుడు ఆయుధం పట్టడం, గుర్రాన్ని సింగారించడం, కమ్మ (ఉత్తరం) రాయించడం, తల్లి దగ్గర సెలవు పుచ్చుకోవడం వంటి సందర్భాలకు సిద్ధంగా మాటల కూర్పులుంటాయి. మిగతాది ఆ రాత్రి, ఆ సభను బట్టి అల్లుకుంటాడు.

బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి బొంగరాలాట దీనికి మంచి ఉదాహరణ. యుద్ధం మాట చెవిన పడకుండా పెంచుతున్న కుర్రవాడు తోటివారితో బొంగరాలు ఆడతాడు. బొంగరం ఎగిరిపడి ఒక కోమటి స్త్రీ కాలికి గాయం చేస్తుంది. తనవాళ్లంతా కారెంపూడిలో చావుకు సిద్ధపడుతుంటే ఇక్కడ ఆటలేమిటని ఆమె ఎత్తిపొడుస్తుంది. అతడు తిన్నగా తల్లి ఐతాంబ దగ్గరికి వెళ్లి నిలదీస్తాడు. కథకు ఇందులో కావలసింది ఒక్కటే, పిల్లవాడికి యుద్ధం సంగతి తెలియడం. పొద్దుపోతే దీన్ని మూడు ముక్కల్లో దాటించవచ్చు. సభ కుదురుగా ఉంటే బొంగరానికి ఏ చెట్టు కర్ర కొట్టారు, ఎవరు చెక్కారు, జాలె ఎలా పేనారు, ఆటకు ఎవరెవరు వచ్చారు అంటూ ఎంతసేపైనా నడపవచ్చు. తొందరపడని గాయకుడు ఇక్కడ ఆలస్యం చేసేకొద్దీ ఆమె ఎత్తిపొడుపు మాట వినేవారికి అంత బలంగా తగులుతుంది.

నేర్పు ఇంట్లోనే జరుగుతుంది. కుర్రవాడు మొదట తాళం పట్టుకుని కూర్చుంటాడు, కొన్నాళ్లకు వంత అందుకుంటాడు, పెద్దవాడు అలిసినప్పుడు చిన్న ఘట్టమొకటి తీసుకుంటాడు. పెద్దలకు దాతల ఊళ్లు, వాళ్ల ఇంటిపేర్లు, వాళ్ల పూర్వుల పేర్లు కూడా తెలిసుండాలి. ఆ ఊరి పెద్దల వంశాన్ని పొగడలేని గాయకుడికి అక్కడ త్యాగం (ప్రతిఫలం) ముట్టదు.

గొంతు నుంచి తాటాకుకు

పల్నాటి కథ పాటగా ఎంత పాతదో చెప్పడానికి వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న క్రీడాభిరామం సాక్ష్యం. 15వ శతాబ్దికి చెందిన ఈ వీథి నాటకంలో ఓరుగల్లు వీధుల్లో తిరిగే ఇద్దరు మిత్రులకు ఒక స్త్రీ వాద్యం మోగిస్తూ పల్నాటి వీరుల కథను ద్విపదలో పాడడం కనబడుతుంది. పాట వింటున్న యువకులు ఆవేశంతో తూలిపోతుంటారు. పల్నాటికి ఎంతో దూరాన, యుద్ధం జరిగిన రెండు మూడు వందల ఏళ్లకు, ఒక ఆడమనిషి గొంతులో కథ ఇంత ఊపుమీద ఉండడం గమనించదగ్గది. ఇప్పుడు ఈ గానం మగవారి సొత్తుగా కనిపిస్తుంది గాని మొదటినుంచీ అలా లేదన్నమాట.

శ్రీనాథుడి పేర ప్రచారంలో ఉన్న పల్నాటి వీరచరిత్ర కూడా ద్విపదే. దీన్ని అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో అచ్చు వేయించాడు. అచ్చుపుస్తకం వచ్చాక చదువుకున్నవారికి పల్నాటి కథ అంటే శ్రీనాథుడి కథ అయింది. విద్యావంతులు మాత్రం తమ దారిలో తాము పాడుతూ వచ్చారు. జీన్ రోగైర్ అనే అమెరికన్ పరిశోధకుడు 1970లలో అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడి నోట కథను టేపుమీద ఎక్కించి, ఇంగ్లీషులోకి అనువదించి, 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ప్రకటించాడు. ద్విపద కావ్యం బాలచంద్రుడి చుట్టూ తిరుగుతుంది. గాలెయ్య కథ అంతకంటే ఎన్నోరెట్లు విశాలం. వీరుల పుట్టుకలు, దేవతల ప్రమేయం అన్నీ అందులో చోటుచేసుకున్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే రాతప్రతిని మూలమనీ, పాటను దాని చెదిరిన రూపమనీ అనుకునే అలవాటు పోతుంది.

గొల్లల కాటమరాజు

కాటమరాజు కథ ఒక్క కథ కాదు, కథల గుత్తి. ఆవుల వలురాజు, పెద్దిరాజు, పాపనూక, గంగ వంటివారి కథలు విడివిడిగా నడిచి పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాటి యుద్ధం దగ్గర కలుస్తాయి. కరువు తరిమితే మందలతో దక్షిణానికి వచ్చిన గొల్లల నాయకుడు కాటమరాజు నెల్లూరు పాలకుడు నల్లసిద్ధి బీళ్లలో పశువులను మేపుకుంటాడు. బదులుగా కోడెదూడలను ఇవ్వాలన్న ఒప్పందం చెడుతుంది. నెల్లూరు తరఫున పోరాడే ఖడ్గ తిక్కన ఈ కథాచక్రంలో ప్రసిద్ధ పాత్ర.

దీన్ని కోస్తా ప్రాంతంలో కొమ్ములవారు పాడతారు. కొమ్ము ఊదడం వల్ల వచ్చిన పేరు అది. తెలంగాణలో మందెచ్చులవారు కొయ్యబొమ్మలు పేర్చి, ఒక్కో పాత్ర రాగానే ఆ బొమ్మను ఎత్తి చూపుతూ చెబుతారు. ఇద్దరూ గొల్లల ఆశ్రితులు. తెలంగాణలో ఈ ఏర్పాటు ఒక్క గొల్లలకే పరిమితం కాలేదు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు కులకథ చెప్పే హక్కుదార్లు. కొందరికి చేర్యాల నకాషీ చిత్రకారులు గీసే పటాలే ఆధారం. పటం మీద వరసగా గీసిన బొమ్మలు గాయకుడికి జ్ఞాపకాల చీటీలా పనిచేస్తాయి, ఘట్టం తప్పిపోనివ్వవు. ఏ ఊళ్లు ఎవరి మిరాశీ (వంశపారంపర్య హక్కు) అన్నది అన్నదమ్ముల మధ్య పొలంలాగే పంచుకునేవారు. ఒకరి ఊళ్లో మరొకరు కథ చెబితే కులపంచాయతీకి వెళ్లేవారు.

తంగిరాల వెంకట సుబ్బారావు ఈ కథలను పరిష్కరించగా ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1970లలో రెండు సంపుటాలు ప్రకటించింది. అంతకుముందే బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయసాహిత్యం (1958) విశ్వవిద్యాలయాల్లో ఈ చదువుకు పునాది వేసింది.

బొబ్బిలి నుంచి బుర్రకథకు

ఈ కట్టుబాటుకు బొబ్బిలి కథ మినహాయింపు, దానికి కులపూజ ఆసరా లేదు. బొబ్బిలి రాజు రంగారావు, వీరుడు తాండ్ర పాపారాయుడు, రాణి మల్లమ్మల కథను జంగాలు ఊరూరా తిప్పారు. భర్త తంబుర మీటుతూ కథ చెబితే భార్యలు డక్కీలు వాయిస్తూ వంత పాడే జంగం కథలో అది బాగా ఒదిగింది. పెద్దాడ మల్లేశం పేర ప్రచారంలో ఉన్న పాఠం అన్నిటికంటే పేరు పొందింది. సి.పి. బ్రౌన్ 19వ శతాబ్దిలో సేకరించిన పాటల్లో ఇదీ ఉంది. ఇదే యుద్ధం మీద దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్ర అనే పద్యకావ్యం రాశాడు. పండితులు దాన్ని చదివారు, జనం పాట విన్నారు. జె.ఎ. బాయిల్ 1874లో ఇండియన్ యాంటిక్వెరీ పత్రికలో తెలుగు వీరగీతాల గురించి రాస్తూ సర్వాయి పాపడి పాటను వెలుగులోకి తెచ్చాడు. 1710లో మొగలుల చేతిలో చనిపోయిన పాపడు పర్షియన్ చరిత్రల్లో దొంగ, పాటలో వీరుడు. చరిత్రకారులు ఇప్పుడు ఆ రెండింటినీ కలిపి చదువుతున్నారు.

1943లో సుంకర సత్యనారాయణ రాసిన కష్టజీవితో జంగం కథ బుర్రకథగా కొత్త అవతారం ఎత్తింది. నడుమ కథకుడు, ఒక పక్క రాజకీయం మాట్లాడే వంత, మరో పక్క హాస్యం పండించే వంత. వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి దీన్ని రైతుసభలకు తీసుకుపోయింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ (1920–1997) పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలను ఒక్క రాత్రికి సరిపడేలా కుదించి చెప్పి, 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. ఈ మార్పు వల్ల లాభం లెక్కలేనిది. వీరుడి పేరు తెలియని ఇల్లు లేకుండా పోయింది. నష్టమూ ఉంది. కథ రాతప్రతిలో స్థిరపడింది, పూజతో తెగిపోయింది, చిన్న వీరులు రాలిపోయి బాలచంద్రుడు, బ్రహ్మనాయుడు, నాగమ్మ మిగిలారు. సినిమాలు (పల్నాటి యుద్ధం 1947లోను 1966లోను, బొబ్బిలి యుద్ధం 1964లో) ఆ కుదింపును ఇంకా ముందుకు తీసుకెళ్లాయి.

కోనసీమలో వీరగాథ

పూజా హక్కులూ లేనిచోట కథ పుట్టదనడానికి గోదావరి డెల్టాలోని కోనసీమ ఉదాహరణ. అక్కడి అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో పల్నాటి కథకు సాటి వచ్చే సొంత వీరగాథ పుట్టలేదు. దీన్ని అలనాటి వీరుల కొరతగా అనుకోనక్కర్లేదు. పల్నాటిని ఏలిన హైహయులకు సమకాలికంగా గోదావరి పాయల మధ్య కోనమండలాన్ని ఏలినవారూ హైహయులే. ఇద్దరికీ వెలనాటి చోడులతో సంబంధముంది. కోన హైహయుల దానాలు, వంశావళి, విజయాలు 1195 నాటి పిఠాపురం స్తంభ శాసనంలో పద్ధతిగా చెక్కి ఉన్నాయి. పల్నాటి హైహయుల యుద్ధానికి శాసనాల ఆధారం అంతంతమాత్రం, కథ మాత్రం కారెంపూడిలో ఏటా వినబడుతుంది. ఒకే వంశనామం కలిగినవారిలో ఒకరు రాతిలోను, మరొకరు పాటలోను నిలిచారు. ఒరిగినవారికి గుడి కట్టి, గాయకుడికి హక్కు రాసిచ్చే ఏర్పాటు కోనమండలంలో జరగకపోవడమే తేడాకు కారణమై ఉండాలి. కోనసీమకు పొరుగున ఉన్న ద్రాక్షారామాన్ని భీమఖండంలో వర్ణించి, రాజమహేంద్రవరం రెడ్డిరాజుల కొలువులో గడిపిన శ్రీనాథుడి పేరే పల్నాటి ద్విపదకు తగులుకోవడం ఒక చిత్రం.

బొబ్బిలి మీద దాడి చేసిన ఫ్రెంచి సేనలు ఇక్కడిదాకా కూడా వచ్చాయి. 1757లోనే బుస్సీ సేనలు ఇప్పటి అల్లవరం మండలంలోని బెండమూర్లంకలో ఉన్న ఇంగ్లీషు వర్తక స్థావరాన్ని పట్టుకున్నాయి. చరిత్ర పుస్తకాల్లో అది ఒక వాక్యం. కొబ్బరితోటల నడుమ గిడ్డంగులు ఒక కంపెనీ చేతినుంచి మరో కంపెనీ చేతికి పోయిన సంగతి ఎవరు పాడతారు?

కోనసీమ కథను పుట్టించలేదు గాని వినడంలో వెనకబడలేదు. సార్వా కోతలై ధాన్యం కళ్లాలకు చేరాక, సంక్రాంతి నుంచి వేసవి దాకా తీర్థాలు, అమ్మవారి జాతరలు వరసగా వస్తాయి. కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభల తీర్థం వీటిలో పేరెన్నికగన్నది. ఇలాంటి తీర్థాలకూ, దసరా పందిళ్లకూ బుర్రకథ దళాలను పిలిపించడం గోదావరి జిల్లాల అలవాటు. 1853లో గన్నవరం అక్విడక్టు, తరవాత వంతెనలు వచ్చేదాకా ఇటు వచ్చేవారంతా పడవల మీదే పాయలు దాటేవారు. వరిపంట మిగులు, రాత్రిళ్లు మేలుకుని వినే ఓపిక ఉన్న డెల్టా ఊళ్లు మెట్టప్రాంతపు కథలకు సభ సమకూర్చాయి.

నమోదు, నేటి స్థితి

ఇలాంటి కథలను కాగితం మీద పెట్టే పని లోకంలో చాలాచోట్ల జరిగింది. సైబీరియాలోని బుర్యాత్ జాతివారి గెసెర్ ఇతిహాసాన్ని పండితుడు జంత్సరానో 1906లో మన్‌షుద్ ఎమెగెయెవ్ అనే గాయకుడి నోట రాసుకున్నాడు. అది ఇరవై వేలకు పైబడిన పంక్తుల పాఠం. బుర్యాత్‌లు వేటకు ముందు కథ చెప్పిస్తే వేట ఫలిస్తుందని నమ్మేవారు. అక్కడా గాయకుడి గొంతు వెనక ఒక నమ్మకం, ఒక విధి ఉన్నాయి. సోవియట్ కాలంలో ఆ విధి సడలాక పాఠం గ్రంథాలయాల్లో పదిలంగా ఉంది, పాడేవారు అరుదయ్యారు.

తెలుగులో 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం, దాని వరంగల్లు జానపద విజ్ఞాన పీఠం ఆశ్రిత కులాల కథలను టేపుల మీద నమోదు చేశాయి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం బుర్రకథలను ఇంటింటికీ చేర్చింది. పండుగ సాయన్న కథను పన్నెండు మెట్ల కిన్నెర మీద పాడే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. నమోదైన పాఠంలో సభ ఉండదు. టేపు కోసం పాడే గాయకుడు కథను వరసగా, ఏ ఘట్టమూ వదలకుండా చెప్పే ప్రయత్నం చేస్తాడు, ఊళ్లో ఎవరూ అలా చెప్పించుకోరు. అందువల్ల అచ్చులో కనిపించే పూర్తి కథ కొంతవరకు పరిశోధకుడి అవసరం వల్ల ఏర్పడిన రూపం.

ప్రతిఫలం విషయానికొస్తే, ధాన్యం కొలిచే మిరాశీలు చాలాచోట్ల సడలిపోయాయి, వాటి స్థానంలోకి ఉత్సవ పారితోషికం, ప్రభుత్వ పింఛను వచ్చాయి. గాయకుల పిల్లలు చదువులకు, ఇతర పనులకు పోతున్నారు. వంత పట్టడానికి మనిషి దొరక్క ఒకే గాయకుడు కథా వంతా రెండూ నెట్టుకురావడం మామూలైంది. పల్నాటి కథలో ఉత్సవ దినాలకు కట్టుబడిన ఘట్టాలకు ఇప్పటికీ పిలుపు ఉంది. ఆ అయిదు రోజుల్లో చోటు దక్కని పుట్టుక కథలు, వలస కథలు పాడే అవకాశమే తగ్గిపోయింది.